కళ్ళకు గంతలు లేని న్యాయదేవత: గ్రీసులో మా ఆరు రోజులు

జిల్లా కోర్టులో ముప్పై ఏళ్ళు బెంచి క్లర్కుగా చేశాను. మా హాల్లో ఒక ప్లాస్టరు న్యాయదేవత ఉండేది. కళ్ళకు గుడ్డ, ఒక చేతిలో త్రాసు, ఇంకో చేతిలో కత్తి. రోజూ ఆమె కింద కూర్చునే వాయిదాలు రాసేవాణ్ణి. రిటైరయ్యాక జర్మనీలో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వెళ్తే, "గ్రీసు వెళ్దామా నాన్నా?" అంది. సరే, ఆవిడ పుట్టిల్లు చూసొద్దామని బయల్దేరాం. అక్కడ ఆవిడ పేరు థెమిస్.

మొదటి రోజు మాకే వాయిదా పడింది. ఏథెన్స్‌లో జాతీయ పురావస్తు మ్యూజియం గేటు ముందు పొద్దున్నే నిలబడితే తాళం. మంగళవారాల్లో మధ్యాహ్నం ఒంటిగంటకు గాని తెరవరట. అమ్మాయి ఫోనులో అన్నీ చూసింది గాని ఇది చూడలేదు. మీరు మాత్రం మంగళవారం పొద్దున్న వేరే పని పెట్టుకోండి.

తెరిచాక చూసింది మాత్రం మర్చిపోలేను. 2.22 మీటర్ల పాలరాతి థెమిస్ విగ్రహం. క్రీ.పూ. 300 ప్రాంతంలో ఖైరెస్ట్రాటోస్ అనే శిల్పి చెక్కాడు, 1890లో ఏథెన్స్‌కు కొంత దూరంలో ఉన్న రామ్నూస్ అనే పాత ఊరి తవ్వకాల్లో బయటపడింది. చేతులు విరిగిపోయాయి కాబట్టి ఏం పట్టుకుందో చెప్పలేం. కళ్ళు మాత్రం తెరిచే ఉన్నాయి! పీఠం మీద శాసనం ఉంది. మెగాక్లీస్ అనే ఆయన న్యాయంగా నడుచుకున్నాడని ఊరివాళ్ళు కిరీటం పెడితే, ఆయన ఈ విగ్రహాన్ని సమర్పించాడట. అక్కడితో ఆగకుండా, తను ఖర్చు పెట్టుకున్న ఆటల పోటీల్లో, హాస్య నాటకాల్లో గెలిచిన సంగతి కూడా చెక్కించుకున్నాడు. మన గుడి మెట్ల మీద దాతల పేర్లు గుర్తొచ్చి నవ్వొచ్చింది.

మరి గంతలెప్పుడు కట్టారు? సుమారు పద్దెనిమిది వందల ఏళ్ళ తర్వాత. 1494లో, ఇప్పటి స్విట్జర్లాండులోని బాసెల్‌లో అచ్చయిన ఒక వ్యంగ్య కావ్యంలో మూర్ఖుడొకడు న్యాయదేవత కళ్ళకు గుడ్డ కడుతున్న బొమ్మ ఉంది. వెక్కిరింపుగా మొదలైంది, తర్వాత నిష్పక్షపాతానికి గుర్తయి కూర్చుంది. మన సుప్రీంకోర్టులో 2024లో బయటికొచ్చిన కొత్త విగ్రహానికి గంతలు తీసేసి, కత్తి బదులు రాజ్యాంగం పెట్టారు కదా. ఆ గొడవంతా ఈవిడ ముందు నిలబడితే వింతగా అనిపిస్తుంది.

ఏథెన్స్‌లో కొండమీది పాత కోట అక్రొపొలిస్‌కు టికెట్ 30 యూరోలు. దక్షిణం వాలులో థెమిస్‌కు గుడి ఉండేదని పౌసానియస్ అనే ప్రాచీన యాత్రికుడు రాశాడు గాని, ఇప్పుడు ఆవిడ కోసమే వెళ్తే నిరాశే. కొండమీది పెద్దగుడి పార్థెనాన్ కోసం వెళ్ళండి.

బస విషయానికొస్తే, ఓమోనియా దగ్గర మూడు నక్షత్రాల హోటల్లో దిగాం. మ్యూజియానికి నడిచిపోవచ్చు, అదొక్కటే లాభం. రాత్రంతా బైకుల రొద. పైగా బుకింగులో కనపడని పన్ను గదికి రోజుకు 5 యూరోలు కౌంటర్లో కట్టించుకున్నారు. అది ప్రభుత్వం వేసిందే, హోటలు తప్పు కాదు, కానీ ముందే లెక్కలో వేసుకోండి. మళ్ళీ వెళ్తే అక్రొపొలిస్‌కు దక్షిణంగా ఉన్న కౌకాకీలో దిగుతాను.

తిండికి టెన్షన్ అక్కర్లేదు. ఫావా అని ఒకటి ఇస్తారు, అచ్చంగా ముద్దపప్పే, పైన ఉల్లిపాయ ముక్కలు, నిమ్మరసం. ఆవకాయ తెచ్చుకోనందుకు అక్కడ బాధపడ్డాను.

పూర్వం దేవుడి పేరున పూజారిణి ప్రశ్న చెప్పిన డెల్ఫీ ఏథెన్స్‌కు 180 కిలోమీటర్లు, లియోసియాన్ బస్ స్టేషన్ నుంచి మూడు గంటలు. పొద్దున వెళ్ళి సాయంత్రం వచ్చే టూర్లు దండగ, సగం రోజు బస్సులోనే పోతుంది. మేం ఒక రాత్రి ఊళ్ళోనే ఉన్నాం. బాల్కనీలోంచి ఆలివ్ తోటలు, వాటి చివర సముద్రం. ఆ గదికి ఎంతిచ్చినా ఇవ్వొచ్చు. అక్కడ అందరూ ఆ గుడి దేవుడు అపోలో గురించే చెప్తారు. కానీ క్రీ.పూ. 458లో గ్రీకు నాటకకర్త ఎస్కిలస్ రాసిన 'యుమెనిడీస్' నాటకంలో పూజారిణి ముందు భూదేవికి, ఆ తర్వాత థెమిస్‌కు దణ్ణం పెడుతుంది. అపోలో కంటే ముందు అక్కడ ప్రశ్న చెప్పినవాళ్ళలో ఈవిడా ఉందన్నమాట.

ఆ రాత్రి అమ్మాయి ఇంకో సంగతి చెప్పింది. థెమిస్ అన్న పేరుకు మూలం 'పెట్టు, నిలుపు' అనే ధాతువట. సంస్కృతంలో 'ధా' దానికి తోబుట్టువు, 'విధి' వచ్చింది దాన్నుంచే. మనకు విధి అంటే చట్టమూ, తలరాతా. ప్రాచీన గ్రీకు కవి హెసియడ్ ఒకచోట తలరాత రాసే ముగ్గురు దేవతలనూ థెమిస్ కూతుళ్ళే అన్నాడు. ముప్పై ఏళ్ళు ఆ మాట రాసిన చేతికి ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

చివరి రోజు రామ్నూస్. మారథాన్ ఊరు దాటాక, ఏథెన్స్ నుంచి సుమారు 50 కిలోమీటర్లు. బస్సు గుడిదాకా పోదు, మారథాన్‌లో దిగి టాక్సీ మాట్లాడుకున్నాం. కొండవాలు, పైన్ చెట్లు, ఎదురుగా ఎవియా ద్వీపం, మేం తప్ప మనిషి లేడు. పక్కపక్కనే రెండు గుళ్ళ పునాదులు. చిన్నదాన్ని థెమిస్‌ది అంటారు, పెద్దది తప్పుచేసినవాణ్ణి వదలని నెమెసిస్‌ది. పెద్దగుడి స్తంభాల చెక్కుడు పని సగంలోనే ఆగిపోయింది. చట్టానికి చిన్న గది, శిక్షకు పెద్ద గది. మా కోర్టు భవనం ప్లాను కూడా దాదాపు ఇంతే! కింద సముద్రం ఒడ్డున కోట ఉంది, ఆ రోజు దారి తెరవలేదు. గొడుగు, నీళ్ళు మీరే తెచ్చుకోండి, అక్కడ కొట్టు లేదు.

గంట తర్వాత బయటికొస్తే, టాక్సీ అబ్బాయి వెయిటింగుకు వేరే ఇవ్వాలన్నాడు. మాట్లాడుకున్నప్పుడు ఆ ఊసే లేదు. నేను గుడివైపు చెయ్యి చూపించి, "థెమిస్" అన్నాను. వాడు పెద్దగా నవ్వి, సగం తగ్గించాడు.