రీల్స్‌లో "గుంపు నాయకుడు" ట్రైనర్ ఉన్నాడే, ఆయన దగ్గరికి మీ కుక్కని పంపకండి

ఇంట్లో రెండు కుక్కలకి ఒకదానితో ఒకటి పడక, ట్రైనర్ కోసం వెతుకుతున్నవాళ్ళు ముందు ఇది చదవండి. పేరు రాయను. రాయక్కర్లేదు కూడా. నల్ల టీషర్టు, పది కుక్కల్ని వరసగా పడుకోబెట్టి మధ్యలో చేతులు కట్టుకుని నిలబడే వీడియోలు, "మీ కుక్కకి కావాల్సింది నాయకుడు" అనే డైలాగు. అర్థమైంది కదా, ఆయనే.

మా బుజ్జి ముసలిది, ఎవరి జోలికీ పోదు. భీముణ్ణి షెల్టర్ నుంచి తెచ్చుకున్నాం. మనుషులతో వెన్న. బుజ్జి కనబడితే మాత్రం ఒళ్ళు బిగుసుకుపోయేది. గుర్రుమనేవాడు. గిన్నె దగ్గరికో సోఫా దగ్గరికో బుజ్జి వస్తే మీద పడేవాడు. ఒకసారి దాని చెవి చిరిగి కుట్లు పడ్డాయి. ఆ భయంలో ఈయనకి ఫోన్ చేశాం.

ఫోన్లో ఎంత తియ్యగా మాట్లాడాడో! "కొట్టడం, తిట్టడం మా దగ్గర ఉండదు మేడమ్, అంతా పాజిటివ్. మీరు వదిలేసి వెళ్ళండి చాలు, కొత్త కుక్కని తీసుకెళ్తారు." కొత్త కుక్కే వచ్చింది లెండి, ఆ మాట మాత్రం నిలబెట్టుకున్నాడు.

అక్కడ ఉన్నన్నాళ్ళూ రోజూ ఒక వీడియో పంపేవాడు. చుట్టూ వేరే కుక్కలు తిరుగుతుంటే భీముడు చిన్న మంచం మీద కదలకుండా పడుకుని ఉంటాడు. మహా చదువుకున్నవాళ్ళం కదా, అందరం మురిసిపోయి చుట్టాలందరికీ పంపుకున్నాం. ఇప్పుడు అవే వీడియోలు చూస్తే కడుపు మండిపోతోంది. చెవులు వెనక్కి అతుక్కుపోయి, కంటి తెలుపు ఓ పక్కకి బయటపడి, ఊరికే మూతి నాక్కుంటూ... అది హాయిగా పడుకున్న కుక్క కాదు, భయంతో బిగుసుకుపోయిన కుక్క. 1967లో సెలిగ్‌మన్, మాయర్ అని ఇద్దరు అమెరికన్ శాస్త్రవేత్తలు కుక్కలకి తప్పించుకోలేని కరెంటు షాకులిచ్చి చూశారు. తర్వాత తప్పించుకునే దారి పెట్టినా వాటిలో చాలా కుక్కలు కదల్లేదు, పడుకుని భరించాయి. ఏం చేసినా లాభం లేదని నేర్చేసుకున్నాయి పాపం. సరిగ్గా ఆ స్థితికే ఈయన "ప్రశాంతత" అని పేరు పెట్టి, వాయిదాల్లో డబ్బు కట్టించుకుని అమ్ముతున్నాడు.

ఇక అసలు సంగతి. అప్పగించడానికి భీముణ్ణి తనే ఇంటికి తీసుకొచ్చాడు. వాడి మెడకి వెడల్పాటి బట్ట పట్టీ ఉంది, దాని మీద ఈయన లోగో. ఈయన కుడి చెయ్యి ప్యాంటు జేబులో ఉంది. హాల్లో నిలబడి "రెండోదాన్ని రానివ్వండి" అన్నాడు. మధ్యలో గేటు పెట్టి దూరం నుంచి మొదలుపెడదామండీ అంటే నవ్వాడు. "గేట్లు పెట్టుకునేవాళ్ళకి నేనెందుకు మేడమ్?"

బుజ్జి దాని మానాన అది వచ్చింది. భీముడు తల తిప్పి చూశాడు. చూశాడంతే. గుర్రుమనలేదు, పళ్ళు చూపలేదు, అడుగు ముందుకెయ్యలేదు. ఉన్నట్టుండి కెవ్వున అరిచి మెడ విదిలించాడు. ఏమైందో నాకు అర్థం కాలేదు. బుజ్జి ఇంకో రెండడుగులు వేసింది. ఈసారి జేబులో చెయ్యి కదలడం నా కంట పడింది. మళ్ళీ కెవ్వు. "చూశారా, ఇక జన్మలో దాని జోలికి పోడు" అన్నాడు, ఏదో గారడీ చేసి చప్పట్ల కోసం ఆగినవాడిలా.

వంగి ఆ బట్ట పట్టీ పైకెత్తాను. కింద ఒక నల్ల డబ్బా, దానికి రెండు లోహపు మొనలు. ఆ మొనలు ఒత్తుకున్న చోట బొచ్చు ఊడిపోయి రెండు పచ్చి పుళ్ళు, రసి కారుతూ. షాక్ పట్టీ, రిమోట్ నొక్కితే మెడకి కరెంటు కొట్టేది. వేల్స్‌లో 2010లోనే నిషేధించిన సామాను. దాన్ని కప్పడానికే ఆ లోగో పట్టీ.

"ఇదేంటండీ, కొట్టడం ఉండదన్నారుగా?"

"కొట్టలేదు కదా మేడమ్. ఇది కమ్యూనికేషన్."

"మరి ఈ పుళ్ళు?"

"మీ కుక్కది సెన్సిటివ్ స్కిన్."

రోజుల తరబడి తియ్యకుండా బిగించి ఉంచితే ఆ మొనల ఒత్తిడికే చర్మం చచ్చిపోయి అలా పుండు పడుతుందని తర్వాత పశువుల డాక్టరమ్మ చెప్పారు. నేనింకా ఏదో అనబోతుంటే మా అత్తగారి ముందు, పిల్లాడి ముందు, "మీలాంటివాళ్ళకి కుక్కలెందుకు మేడమ్? దూది బొమ్మలు కొనుక్కోండి" అనేశాడు. రిమోట్ టీపాయ్ మీద పెట్టాడు. దాని చార్జర్‌కి డబ్బులు వేరే అని చెప్పి మరీ వెళ్ళాడు.

భీముడి వైపు నుంచి ఆలోచించండి. బుజ్జి వైపు చూశాడు, మెడ భగ్గుమంది. మళ్ళీ చూశాడు, మళ్ళీ భగ్గుమంది. ఎవరి జేబులోనో రిమోట్ ఉందని వాడికేం తెలుసు? వాడి లెక్కలో ఆ నొప్పి పెట్టింది బుజ్జే. అంతకుముందు దాని మీద ఉన్నది అనుమానం, ఇప్పుడు రుజువు కూడా దొరికింది. పైగా గుర్రుమన్నప్పుడల్లా శిక్ష పడేసరికి గుర్రుమనడం మానేశాడు. లోపలి భయం మాత్రం ఉన్నచోటే ఉంది. ఇదివరకు గుర్రు వినబడగానే మేం బుజ్జిని పక్కకి పిలిచేవాళ్ళం, గొడవ అక్కడితో తెగిపోయేది. మాకున్న ఒకే ఒక్క హెచ్చరికని డబ్బిచ్చి మరీ తీయించుకున్నాం.

తర్వాత జరిగిన పోట్లాటలో ముందు చిన్న చప్పుడు కూడా లేదు. నీళ్ళ గిన్నె దగ్గర నిలబడ్డవాడు నిలబడ్డట్టే బుజ్జి మెడ పట్టేశాడు. మా ఆయన తోచక వాడి మెడపట్టీ పట్టుకుని లాగబోతే ఆ ఊపులో ఆయన చేతిలోనూ పన్ను దిగింది. (ఆ సమయంలో తల దగ్గర చెయ్యి పెట్టకూడదట, దగ్గర్లో ఏది ఉంటే దాన్ని కరిచేస్తాయట. మధ్యలో అట్టో కుర్చీయో అడ్డం పెట్టాలట.) ఆయన ఒక ఆసుపత్రికి, బుజ్జి ఒక ఆసుపత్రికి.

ఫోన్ చేస్తే ఏమన్నాడో తెలుసా? "ఆల్ఫా లేని ఇంట్లో అంతే మేడమ్. నా దగ్గర బాగానే ఉంది, మీ దగ్గరే పాడైంది. అడ్వాన్స్‌డ్ కోర్సు ఉంది, డిస్కౌంట్ ఇస్తాను." ఆల్ఫా అంటే గుంపుని అణిచి ఏలే నాయకుడట! బోనులో పెట్టిన తోడేళ్ళని చూసి 1947లో రాసిన సంగతి అది. 1970లో తన పుస్తకంతో దాన్ని జనంలోకి తెచ్చినవాళ్ళలో ఒకరైన డేవిడ్ మెక్ అనే శాస్త్రవేత్తే 1999లో, అడవిలో తోడేళ్ళ గుంపంటే మామూలుగా అమ్మా నాన్నా పిల్లలూ అని, ఆ మాట అక్కడ పొసగదని రాశాడు. తోడేళ్ళకే పొసగనిది మా హాల్లో భీముడికి పెట్టాడు ఈ మహానుభావుడు.

డబ్బు వాపసు సంగతి అడగకండి. "ఫలితం యజమాని మీద ఆధారపడి ఉంటుంది" అని ఒప్పందంలో చిన్న అక్షరాల్లో ఉందట.

ఇప్పుడు జంతువుల ప్రవర్తన మీద పనిచేసే ఆ డాక్టరమ్మ చూస్తున్నారు. మొదటిరోజే భీముడి నోరు తెరిపించి చూస్తే దవడ పన్ను ఒకటి విరిగి లోపల కుళ్ళి ఉంది. గిన్నె దగ్గరి చిరాకులో దానికీ వాటా ఉండొచ్చన్నారు. "నాయకుడు" అన్నాళ్ళు పెట్టుకుని ఆ నోరు ఒక్కసారి చూసిన పాపాన పోలేదు. ప్రస్తుతం వేరువేరు గదులు, మధ్యలో గేటు, తిండి విడివిడిగా. భీముడికి నోరు తెరిచి రొప్పగలిగే బుట్ట మజిల్ (కరవకుండా మూతికి తొడిగేది) అలవాటు చేస్తున్నాం. బయట ఇద్దర్నీ చెరో తాడు మీద ఒకే వైపు నడిపిస్తాం, భీముడు బుజ్జిని చూడగలిగేంత దగ్గరగా, బిగుసుకుపోనంత దూరంగా. అది కనబడగానే వాడి నోట్లో ఇష్టమైన ముక్క పడుతుంది, కనుమరుగైతే ముక్కలు బంద్. బుజ్జి వస్తే మంచి జరుగుతుందని మళ్ళీ మొదట్నుంచి నేర్పాలి. ఎంత కాలం పడుతుందో చెప్పలేనని, ఇద్దర్నీ ఎప్పటికీ ఒంటరిగా ఒకే గదిలో వదల్లేకపోవచ్చని ఆవిడ ముందే చెప్పేశారు. గ్యారంటీ ఇచ్చినవాణ్ణి చూశాక ఆ మాట వింటేనే ప్రాణం లేచొచ్చింది.

ఆ, సలహా అంటే... చాలా దేశాల్లో ట్రైనర్ అని బోర్డు పెట్టుకోవడానికి ఏ లైసెన్సూ అక్కర్లేదు, అది గుర్తుంచుకోండి. ముందు డాక్టర్‌కి చూపించి నొప్పి ఏమైనా ఉందేమో తేల్చుకోండి. కుక్క తప్పు చేస్తే ఏం చేస్తారు, మెడకి ఏం కడతారు అని అడిగి రాతలో తీసుకోండి. మీ కళ్ళ ముందు చెయ్యనన్నవాడికి అప్పగించకండి. దూకుడు కుక్కకి బుజ్జగింపులు పనిచెయ్యవు అంటే నమ్మకండి, అమెరికాలో ప్రవర్తన చూసే పశువైద్యుల సంఘం 2021లో దూకుడు కుక్కలకి కూడా బహుమతి పద్ధతే వాడమంది.

ఇప్పటికే ఆయన దగ్గర కుక్కని వదిలినవాళ్ళు చెప్పకుండా ఇవాళే వెళ్ళండి. లోగో పట్టీ తీసి, మెడ చుట్టూ బొచ్చు విడదీసి చూడండి.