బరంపురం పెద్దబజారు బ్యాగుల కొట్టు: బ్యాగు చూపించే ముందు లిస్టు అడిగారు

మాది బరంపురమే. ప్యాకింగ్ మిషన్లు బిగించే పని నాది. కంపెనీవాళ్ళు రెండుసార్లు జర్మనీ పంపించారు, మొదట ఆరు నెలలు, తరవాత నాలుగు నెలలు. మొదటిసారి సామానుతో నానా అవస్థ పడ్డాను. రెండోసారి ఏ ఇబ్బందీ లేకుండా వెళ్ళొచ్చానంటే పెద్దబజారు సందులో ఉన్న ఈ చిన్న కొట్టు పుణ్యమే.

మొదటిసారి ఏం జరిగిందో ముందు చెప్పాలి. ఆరు నెలలు కదా, అన్నీ ఒకదాంట్లోనే పట్టాలని వేరే ఊళ్ళో ఒక పెద్ద షోరూములో 32 అంగుళాల సూట్‌కేసు కొన్నాను. ఖాళీ బ్యాగే ఐదున్నర కిలోలు. నా టికెట్టుకి 23 కిలోలే ఇచ్చారు. ఆ లెక్క ఇంట్లో ఎవరికీ తట్టలేదు. చోటుందని అమ్మ బియ్యం పెట్టింది, నెయ్యి పెట్టింది, రైస్ కుక్కర్ పెట్టింది, నాలుగు స్వెట్టర్లు పెట్టింది. భువనేశ్వర్ ఎయిర్‌పోర్టులో తూకం వేస్తే 29 చూపించింది. అందరి ముందూ నేల మీద బ్యాగు తెరిచి, అమ్మ సర్దినవి ఒక్కొక్కటే తీసి తమ్ముడి చేతికిస్తుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

అక్కడితో అయిపోలేదు. ఆ బ్యాగు నాతోపాటు రాలేదు, మర్నాడు సాయంత్రం వచ్చింది. ఉద్యోగం కాగితాలు, బీపీ మాత్రలు, చలికోటు అన్నీ అందులోనే. డిసెంబరు నెల. బ్యాగు వచ్చాక తెరిస్తే ఆవకాయ నూనె కారి ఉంది. సీసా మూత బిగుతుగానే ఉంది, మర చుట్టూ మాత్రం ఎర్రటి నూనె సన్నగా ఊరుతూ ఉంది. తెల్ల చొక్కా కాలరు నుంచి జేబు దాకా తాగేసింది. కాగితాల కవరు అంచు వరకూ వచ్చి ఆగింది. ఆ వాసన ఆ బ్యాగుకి ఇప్పటికీ ఉంది.

రెండోసారి కబురు రాగానే ఆ పాత బ్యాగుకి విరిగిన చక్రం వేయించుకుందామని ఈ కొట్టుకి వెళ్ళాను. షాపాయనకి అరవై దాటి ఉంటాయి. ఒడియా ఆయనే గానీ మనలాగే తెలుగు మాట్లాడతారు. గంజాం నుంచి గల్ఫ్ వెళ్ళేవాళ్ళకి ఏళ్ళ తరబడి బ్యాగులు అమ్ముతున్నారట. "ఏ ఊరు బాబూ, ఎన్నాళ్ళు, ఎన్ని కిలోలు ఇచ్చారు?" ఇవీ ఆయన మొదటి ప్రశ్నలు. చక్రం వేస్తానని అంటూనే, ఈ బ్యాగు తీసుకెళ్ళొద్దన్నారు. టేపు పెట్టి పొడవు, వెడల్పు, మందం కొలిచి కలిపారు. చాలా ఎయిర్‌లైన్స్ మూడూ కలిపి 158 సెంటీమీటర్ల వరకే ఒప్పుకుంటాయి, నాది దాటిపోయింది. ఆ మాట షోరూములో ఒక్కరూ చెప్పలేదు.

ఆయన చూపించింది 26 అంగుళాల గుడ్డ బ్యాగు, మూడు కిలోల లోపే. ధర 2,900. పెద్దది కొనమని ఒత్తిడి చేయలేదు. "సామాను గోనెసంచిలో వేసుకుని రా, ఇక్కడే సర్ది తూచి చూద్దాం" అన్నారు. నిజంగానే తీసుకెళ్ళాను. కొక్కేనికి తగిలించే తూకంతో మూడుసార్లు తూచారు, విసుక్కోలేదు. 21 కిలోల దగ్గర ఆపేశారు. "ఇంటి తూకం, ఎయిర్‌పోర్టు తూకం ఒకటి కావు, రెండు కిలోలు వదిలెయ్" అన్నారు. ఈ ఒక్క మాటకే ఆయనకి దండం పెట్టాలి.

ఊరగాయ సంగతి కూడా ఆయనే నేర్పారు. సీసా వద్దు. మన ఊళ్ళో ఊరగాయ కొట్లలో మిషనుతో సీలు చేయించిన ప్యాకెట్టు తీసుకుని, పైన ఇంకో రెండు కవర్లు వేసి, చుట్టూ పేపరు చుట్టి స్టీలు డబ్బాలో దించాలి. డబ్బా బ్యాగు మధ్యలో, పక్కన తువ్వాళ్ళు. ఈసారి చుక్క కారలేదు.

జర్మనీ గురించి ఆయనకి పెద్దగా తెలియదు, అవి నా అనుభవంతో నేనే కలిపాను. నెయ్యి, కోవా, మాంసం మన దగ్గర నుంచి యూరోపియన్ యూనియన్‌లోకి పట్టుకెళ్ళకూడదు. పచ్చి కరివేపాకుకీ మొక్కల ఆరోగ్య సర్టిఫికెట్ కావాలి, అందుకే పొడి చేసి పట్టుకెళ్ళాను. కరెంటు మనలాగే 230 వోల్టులు, సన్న రెండు పిన్నుల ఫోన్ చార్జరు అలాగే పడుతుంది, కుక్కర్ మూడు పిన్నుల ప్లగ్గు మాత్రం పట్టదు. ఇళ్ళలోపల వెచ్చగా ఉంటుంది కాబట్టి నాలుగు స్వెట్టర్లు దండగ. మంచి కోటు ఒకటి, లోపల థర్మల్స్ రెండు జతలు చాలు. కోటు, సేఫ్టీ బూట్లు వేసుకునే విమానం ఎక్కాను, మూడు కిలోలు కలిసొచ్చాయి. కాగితాలు, మందులు, వాటి చీటీ, పవర్ బ్యాంకు చేతి బ్యాగులోనే. పవర్ బ్యాంకు ఎలాగూ కింద వేసే సామానులో పెట్టనివ్వరు.

లోపాలూ ఉన్నాయి. కొట్టు ఇరుకు, ఇద్దరు నిలబడితే మూడోవాళ్ళకి చోటు లేదు. మధ్యాహ్నం భోజనానికి షట్టరు దించేస్తారు, ఎప్పుడు తీస్తారో చెప్పలేం. పెళ్ళిళ్ళ రోజుల్లో ఇలా తూచి చూపించే తీరిక ఆయనకి ఉండదు. నా బ్యాగు జిప్పు లాగే ముక్క మూడో నెలలో ఊడింది. తిరిగొచ్చాక తీసుకెళ్తే డబ్బులు తీసుకోకుండా వేసిచ్చారు. పాత బ్యాగు చక్రాలకి మాత్రం 350 తీసుకున్నారు. అది ఇప్పుడు ఇంట్లో దుప్పట్లు దాచుకోడానికి పనికొస్తోంది.

వచ్చే నెల మా బావమరిది దుబాయ్ వెళ్తున్నాడు. వాణ్ణీ అక్కడికే తీసుకెళ్ళాను. లిస్టు చదువుతూ కూరపొడి దగ్గర ఆగి, "ఇందులో గసగసాలు వేశారా?" అని అడిగారు. యూఏఈలో గసగసాలు నిషేధం, తెలియక పట్టుకెళ్తే కేసులో ఇరుక్కుంటారు. వాడు అక్కడి నుంచే ఇంటికి ఫోన్ చేశాడు. నిన్న అత్తయ్య గసగసాలు లేకుండా మళ్ళీ కొత్తగా పొడి కొట్టారు.