భిన్నాల గుణకారానికి ఏ బొమ్మ మేలు: మడత కాగితమా, సంఖ్యారేఖా, వృత్తమా?

"సగంలో సగం ఎంత?" అని అడిగితే పిల్లలు ఠక్కున పావు అంటారు. అదే 1/2 × 1/2 అని రాసి ఇస్తే తల గోక్కుంటారు. "గుణిస్తే పెరగాలి కదా, తగ్గిందేంటి?" అన్నది వాళ్ల అసలు సందేహం. లవాన్ని లవంతో, హారాన్ని హారంతో గుణించమనే సూత్రం జవాబు తెప్పిస్తుంది గానీ ఆ సందేహం తీర్చదు. బొమ్మ తీరుస్తుంది. మరి ఏ బొమ్మ?

నా ఓటు మడత కాగితానికే. 2/3 × 3/4 తీసుకోండి, అంటే ముప్పావులో మూడింట రెండు వంతులు. కాగితాన్ని నాలుగు సమానమైన నిలువు పట్టీలుగా మడిచి, మూడింటికి పసుపు రంగు వేయించండి. మళ్లీ మూడు అడ్డ వరుసలుగా మడిపించి, రెండింటికి నీలం. విప్పితే 12 గళ్లు, అందులో రెండు రంగులూ పడి ఆకుపచ్చగా మారినవి 6. జవాబు 6/12, అంటే సగం. హారాలను ఎందుకు గుణిస్తామో విడిగా చెప్పక్కర్లేదు, నాలుగు పట్టీలు, మూడు వరుసలు కళ్లముందే ఉన్నాయి.

ఇదే బొమ్మను నోట్‌బుక్‌లో గీయిస్తే ఒక చిక్కు వస్తుంది. కొందరు అడ్డగీతలను పసుపు ఉన్నంత మేరకే గీసి ఆపేస్తారు. అప్పుడు చిన్న గళ్లు 9 మాత్రమే కనిపిస్తాయి, 6/9 అని రాసేస్తారు. గీత ఖాళీ పట్టీ మీదుగా అంచుదాకా పోవాలి. మడత ఎలాగూ అంచుదాకా పోతుంది కాబట్టి ముందు కాగితం, తర్వాతే పెన్సిల్.

పూర్ణసంఖ్య వచ్చిందా, అక్కడ సంఖ్యారేఖదే పైచేయి. 3 × 2/5 అంటే సున్నా నుంచి మూడు గెంతులు: 2/5, 4/5, 6/5. ఒకటి దాటామని రేఖే చూపిస్తుంది. ఇదే లెక్కకు మూడు కాగితాలు పక్కపక్కన పెడితే పిల్లలు మొత్తం 15 ముక్కలు లెక్కపెట్టి 6/15 అంటారు.

నిజానికి పై 2/3 × 3/4 కూడా రేఖ మీద ఇంకా తేలిక. ముప్పావు అంటే మూడు ముక్కలు, అందులో రెండు తీసుకుంటే 2/4, అయిపోయింది! కానీ 2/3 × 4/5 ఇచ్చి చూడండి. నాలుగు ముక్కల్ని మూడు వాటాలు చేయాలంటే ప్రతి ముక్కనూ మూడుగా చీల్చాలి. ఆ ఇరుకు గీతల్లో లెక్క తప్పడం ఖాయం. కాగితం మీదైతే 15 గళ్లలో 8.

వృత్తం సగం, పావు పరిచయం చేయడానికి చాలు. చేత్తో అయిదు సమభాగాలు చేయడం పెద్దవాళ్లకే కష్టం, ఇక వాటిని మళ్లీ కోయడమా!

మడత అలవాటయ్యాక పావులో పావు చేయించండి. 16 గళ్లు, రెండు రంగులూ పడింది ఒక్కదానికే. 1/16. పాత తెలుగు లెక్కల్లో దానికో పేరుంది: వీసం.