ఆన్‌లైన్ ఎటిమాలజీ డిక్షనరీ: ‘డిసల్టరీ’ మాట ఆధారంగా ఒక సమీక్ష

పొంతన లేకుండా ఒక విషయం నుంచి మరో విషయానికి పోయే రచనను ఇంగ్లీషులో ‘డిసల్టరీ’ అంటారు. చేతి నిఘంటువులు చాలావరకు దీనికి ‘క్రమం లేని, నిలకడ లేని’ అని అర్థం ఇచ్చి ఊరుకుంటాయి. అమెరికాకు చెందిన డగ్లస్ హార్పర్ కూర్చిన ఆన్‌లైన్ ఎటిమాలజీ డిక్షనరీ ఆ అర్థం ఎలా పుట్టిందో నాలుగైదు పంక్తుల్లో చెబుతుంది. చదవడానికి డబ్బు కట్టనక్కరలేదు.

లాటిన్‌లో ‘డెసుల్టర్’ అంటే రోమన్ సర్కస్‌లో, పరుగెత్తుతున్న ఒక గుర్రం మీది నుంచి పక్కనే పరుగెత్తే మరో గుర్రం మీదికి దూకే రౌతు. ‘డె’ అంటే కిందికి, ‘సాలిరె’ అంటే దూకడం. ఈ మాట 1580ల్లో ఇంగ్లీషుకు చేరింది. నిజానికి ఆ రౌతు దూకుడు ఏళ్ల తరబడి సాధన చేస్తే గాని పట్టుబడని విద్య. గురి తప్పితే ప్రాణమే పోతుంది. ఇంగ్లీషు మాటలో ఆ నేర్పు జాడ లేకుండా పోయి, అటూ ఇటూ గెంతడం ఒక్కటే నిలిచింది. ఒక మాటకు ఇంత అన్యాయం జరిగిందని తెలిశాక, దాన్ని తిట్టుగా వాడడానికి నాకు మనసొప్పడం లేదు.

ఈ నిఘంటువులో నాకు అన్నిటికన్నా నచ్చింది మూలధాతువుల అమరిక. ‘దూకు’ అనే అర్థమున్న ధాతువును తెరిస్తే ‘ఇన్‌సల్ట్’, ‘రిజల్ట్’, ‘అసాల్ట్’, ‘సేలియెంట్’ ఒకే కుటుంబంగా కనిపిస్తాయి. మీదికి దూకడం అవమానమైంది, వెనక్కి ఎగిరిరావడం ఫలితమైంది. విడివిడిగా బట్టీపట్టిన మాటలకు చుట్టరికం తెలిస్తే అవి మరచిపోమన్నా మరపుకు రావు. పోటీ పరీక్షలకు చదివేవారికి ఈ సౌకర్యం ఎంతో మేలు చేస్తుంది.

లోటు కూడా ఉంది. తేదీలు చాలాచోట్ల దశాబ్దాల్లోనో శతాబ్దాల్లోనో ఉంటాయి. ఆ కాలంలో ఆ మాటను ఎవరు ఏ వాక్యంలో వాడారో చూపే ఉదాహరణలు అరుదు. అటువంటి సాక్ష్యం కావలసిన పరిశోధకులు, 1884 నుంచి 1928 వరకు భాగాలుగా వెలువడిన ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ డిక్షనరీని, లేదా చందా కట్టి దాని ఆన్‌లైన్ ప్రతిని, ఆశ్రయించవలసిందే. విద్యార్థులకు, ఉపాధ్యాయులకు, అనువాదకులకు మాత్రం హార్పర్ నిఘంటువును నిస్సందేహంగా సిఫారసు చేస్తాను.