పాత మెయిల్‌ని కాపాడుకోవాలా, కొత్తది తెరవాలా?

మా పిన్ని కూతురు కాపురం వదిలేసి గుంటూరు బ్రాడీపేటలోని పుట్టింటికి వచ్చేసింది. కొట్టే మనిషి దగ్గర ఇంకెన్నాళ్లుంటుంది? అయితే విజయవాడలో లాయరు గారిని ఏ రోజు కలవబోతోందో అతనికి ముందే తెలిసిపోయేది. పాస్‌వర్డ్ రెండుసార్లు మార్చినా అంతే. చివరికి ఇద్దరం కూర్చుని వెతికితే, జీమెయిల్ సెట్టింగ్స్‌లో ఫార్వర్డింగ్ దగ్గర అతని అడ్రస్ కనిపించింది. తనకు వచ్చే ప్రతి మెయిల్ అతనికీ వెళ్తోంది. పాస్‌వర్డ్ మార్చినంత మాత్రాన అది ఆగదు.

దాన్ని మూసేసి కొత్తది తెరవమన్నారు బాబాయి. కొత్త మెయిల్ అయితే అతనికి అడ్రసే తెలియదు, ఆ ధైర్యం నిజమే. కానీ బ్యాంకు, పీఎఫ్, ఉద్యోగం అన్నీ పాతదానికే ముడిపడి ఉన్నాయి. దాన్ని గాలికి వదిలేస్తే, అతను అందులోంచే మిగతావాటి పాస్‌వర్డ్‌లు మార్చేయగలడు. పైగా అతను రాసిన బెదిరింపులన్నీ అందులోనే ఉన్నాయి. అవి సాక్ష్యాలు, చెరిపేయకూడదు.

అందుకే నా మాట: రెండూ ఉంచుకోవాలి, కానీ ముందు కొత్తది. అతని చెయ్యి పడని ఫోన్‌లో, అక్కదో స్నేహితురాలిదో అయినా సరే, కొత్త మెయిల్ తెరిచి లాయరు, పోలీసుల విషయాలు అక్కడికి మార్చాలి. పాతదానికి తాళం ఆ తర్వాత. ఉన్నట్టుండి దారి మూసుకుపోతే అతనికి వెంటనే తెలిసిపోతుంది, కోపంతో మీద పడవచ్చు. ఇంకా అదే ఇంట్లో ఉంటున్నవాళ్లు క్షేమమైన చోటికి చేరేదాకా పాతదాన్ని కదపకపోవడమే మంచిది.

తాళం వేసేముందు ఫార్వర్డింగ్ పేజీ స్క్రీన్‌షాట్ తీసుకోవాలి. ఆ తర్వాత అది తీసేసి, ఫిల్టర్లు (మెయిల్‌ని దానంతట అదే వేరేచోటికి పంపగల నియమాలు), రికవరీ ఫోన్ నంబరు, రికవరీ మెయిల్, లాగిన్ అయి ఉన్న ఫోన్లు, అనుమతి ఉన్న యాప్‌లు చూసి, పాస్‌వర్డ్ మార్చాలి.

ఇక రెండో తాళం, అంటే పాస్‌వర్డ్ తర్వాత అడిగే కోడ్, మెసేజ్‌లో వచ్చే ఓటీపీయా, ఫోన్‌లోనే కోడ్ చూపించే అథెంటికేటర్ యాపా? ఓటీపీ సులువు. కానీ మన ఇళ్లలో ఆడవాళ్ల సిమ్ ఎవరి పేరు మీద ఉంటుంది? చాలాసార్లు భర్త పేరు మీదే. మా చెల్లిదీ అంతే. సిమ్ పోయిందని చెప్పి అతను డూప్లికేట్ తీసుకుంటే ఓటీపీలన్నీ అతని చేతికే వస్తాయి. అందుకే ముందు తన ఆధార్‌తో, తన పేరు మీద కొత్త నంబరు తీసుకుంది. రెండో తాళంగా యాప్ పెట్టింది. నా ఓటు కూడా యాప్‌కే. అయితే ఫోన్ పోతే చిక్కు కాబట్టి, గూగుల్ ఇచ్చే 10 బ్యాకప్ కోడ్‌లు కాగితం మీద రాసి దాచుకోవాలి. ఒక్కో కోడ్ ఒక్కసారే పనిచేస్తుంది. ఫోన్ లాక్‌లో అతని వేలిముద్ర ఉందేమో కూడా చూడండి. మా చెల్లి ఫోన్‌లో ఉంది!

మోసంతో ఇంకొకరి పాస్‌వర్డ్ వాడటం సమాచార సాంకేతిక (ఐటీ) చట్టం సెక్షన్ 66సీ కింద నేరం. 3 ఏళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. భర్త అయినంత మాత్రాన మినహాయింపు లేదు. ఫిర్యాదుకు ఆ స్క్రీన్‌షాట్ పనికొస్తుంది. అతను ఇంటి మీదకు వస్తే ఎమర్జెన్సీ నంబరు 112కి, ఎటు వెళ్లాలో తోచకపోతే మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి, అదీ అతనికి తెలియని ఫోన్ నుంచే.