ఐమ్యాక్ ఫ్యాన్ రొద: సాఫ్ట్‌వేరా, సెన్సర్ కేబులా, వైర్లు కలిపేయడమా?

మా బావమరిదికి 2011 నాటి 27 అంగుళాల ఐమ్యాక్ (స్క్రీన్ వెనకే మొత్తం కంప్యూటర్ ఇమిడి ఉండే ఆపిల్ యంత్రం) ఒకటి ఉంది. హార్డ్‌డిస్క్ పోతే నేనే ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని డిస్క్) వేశాను. అద్దం బిగించి ఆన్ చేసిన కాసేపటికే లోపల పిండిమర ఆడటం మొదలైంది. అత్తగారు వంటింట్లోంచి వచ్చి "మిక్సీ ఎవరు వేశారు?" అన్నారు. చెయ్యి పెట్టి చూస్తే పెట్టె చల్లగా ఉంది. మామూలుగా నిమిషానికి 1,100 చుట్లు తిరిగే డిస్క్ ఫ్యాన్ 5,000 దాటేసింది.

అది వేడి రోగం కాదు. ఈ మోడల్లో డిస్క్ ఎంత వేడెక్కిందన్న కబురు దానికి కరెంటు ఇచ్చే 7 పిన్నుల కనెక్టర్ గుండానే వస్తుంది. ఆ కబురు చెప్పడం ఆపిల్ తన ఫర్మ్‌వేర్ (డిస్క్ లోపలే ఉండే చిన్న ప్రోగ్రాం) వేయించిన డిస్క్‌కే వచ్చు. బయట కొన్నది ఆ కనెక్టర్ దగ్గర నోరు మెదపదు. కబురు లేకపోయేసరికి యంత్రం హడలిపోయి ఫ్యాన్‌ను గట్టిగా తిప్పేస్తుంది. దుమ్ము దులిపినా, ప్రాసెసర్ వేడిని లాగే థర్మల్ పేస్ట్ మార్చినా ఫలితం సున్నా. నేను ఈ రెండూ చేసి ఒక ఆదివారం పోగొట్టుకున్నాను.

మందు ఏది?

సాఫ్ట్‌వేర్ అయితే 'మ్యాక్స్ ఫ్యాన్ కంట్రోల్' ఉచితంగా దొరుకుతుంది. ఆ కనెక్టర్‌లో చెప్పకపోయినా, డిస్క్ తన వేడిని స్మార్ట్ రీడింగ్‌లో (తన ఆరోగ్యం గురించి డేటా కేబుల్ గుండా ఇచ్చే లెక్కలో) ఎలాగూ చెబుతుంది కాబట్టి ఫ్యాన్‌ను దానికి ముడిపెట్టేయవచ్చు. చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు: రొద ఆగితే చాలని స్పీడును ఒకే అంకె దగ్గర కట్టేస్తారు. మే నెలలో, ఏసీ లేని గదిలో ఆ లెక్క పనికిరాదు. సెన్సర్‌ను బట్టి మారేలా పెట్టుకోవాలి. లోపం ఏమిటంటే, ఆ ప్రోగ్రాం నడుస్తున్నంత సేపే శాంతి. డిస్క్ చెరిపి మ్యాక్ ఓఎస్ మళ్లీ వేసినా, బూట్ క్యాంప్‌తో (మ్యాక్‌లో విండోస్ నడిపించే ఆపిల్ ఏర్పాటు) విండోస్‌లోకి వెళ్లినా దాన్ని మళ్లీ పెట్టుకోవాల్సిందే.

మ్యాక్ విడిభాగాల కంపెనీ ఓడబ్ల్యూసీ అమ్మే సెన్సర్ కేబుల్‌కు ఆ బాధ లేదు. డిస్క్‌కూ కనెక్టర్‌కూ మధ్య తగిలించి, సెన్సర్‌ను డిస్క్‌కు అంటిస్తే ఏ ఓఎస్ నడిచినా పని చేస్తుంది. కాకపోతే అమెరికా నుంచి తెప్పించుకోవాలి. పైగా సక్షన్ కప్పులతో అద్దం పీకి, స్క్రీన్ విప్పి, వెనక సన్నటి కేబుళ్లు తెగకుండా చూసుకునే పని మళ్లీ మొదటికొస్తుంది. డిస్క్ ఇంకా మార్చనివాళ్లు ముందే కేబుల్ తెచ్చుకుని రెండు పనులూ ఒక్క విప్పుడులో కానివ్వండి.

మూడోది పాత చిట్కా. 2009 చివర, 2010లో వచ్చిన వాటికి డిస్క్ సెన్సర్ వైరు విడిగా ఉంటుంది, డిస్క్ కంపెనీని బట్టి ప్లగ్గు మారుతుంది. డిస్క్ వైపున ఆ వైరులోని రెండు తీగల కొసలనూ కలిపేస్తే ఫ్యాన్ కనిష్ఠ వేగంలో ఉండిపోతుంది. పైసా ఖర్చు లేదు. అయితే అది యంత్రం కళ్లకు గంతలు కట్టడమే. ఎస్‌ఎస్‌డీకి సరే, నిమిషానికి 7,200 చుట్లు తిరిగే డిస్క్‌కు మాత్రం నేను చేయను. 2009 మొదట్లో వచ్చినవీ అంతకు ముందువీ అయితే ఈ తంటా అసలు లేదు: పాత డిస్క్‌కు అంటించిన సెన్సర్‌ను ఊడదీసి కొత్తదానికి అంటిస్తే సరి.

తిరిగే డిస్క్ వేస్తే కేబుల్, ఎస్‌ఎస్‌డీ వేస్తే సాఫ్ట్‌వేర్ అన్నది నా లెక్క. బావమరిదికి సాఫ్ట్‌వేరే పెట్టాను. ఆన్ చేసి లాగిన్ అవకుండా వదిలేస్తే మాత్రం కాసేపటికి మర మొదలవుతుంది. అప్పుడు "ఒరేయ్, ఆ పాస్‌వర్డేదో కొట్టు!" అని వంటింట్లోంచి అత్తగారి కేక వినిపిస్తుంది.