బ్రేక్ తొక్కితే మసకబారిన వెనక లైటు: పదిహేనేళ్లు దాటిన నా కారు

2009లో కొన్న పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్‌ను నేను ఇప్పటికీ నడుపుతున్నాను. దాని ఇంజను, మైలేజీ, సీట్ల సంగతి అందరికీ తెలిసినవే కనుక వాటి జోలికి వెళ్లను. ఆ కారు మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే, అది వెనక లైట్ల ఎర్తింగ్, అంటే బల్బులోంచి కరెంటు తిరిగి కారు బాడీకి చేరే వైరు, దాని బిగింపు. నడిపేవాడి కంటికి ఎన్నడూ కనిపించని చోట, అతనికి ఏ హెచ్చరికా అందకుండా చెడిపోయే ఈ భాగాన్ని ఇంత బలహీనంగా ఎందుకు అమర్చారన్న బాధ నాకు ఇప్పటికీ తీరలేదు.

2024 ఆగస్టులో ఒక రాత్రి కోదాడ నుంచి హైదరాబాదుకు 65వ నంబరు జాతీయ రహదారి మీద వస్తున్నాము. సూర్యాపేట దాటినప్పటి నుంచి వాన తెరిపి ఇవ్వలేదు. వెనక సీట్లో మా అమ్మ నిద్రపోతోంది. నార్కట్‌పల్లి దగ్గర మా వెనక చేరిన ఒక లారీ, నేను వేగం తగ్గించిన ప్రతిసారీ మీదికి వచ్చేటంత దగ్గరికి వచ్చి, హారన్ మోగించి ఆగుతోంది. డ్రైవరుకు తొందరగా ఉందేమో అనుకున్నాను. పంతంగి టోల్‌ప్లాజా వరుసలో ఆగినప్పుడు అతను దిగి, తల మీద తువ్వాలు కప్పుకొని నా కిటికీ దగ్గరికి వచ్చాడు. "సార్, మీరు బ్రేక్ తొక్కితే కుడి పక్క లైటు పెరగట్లేదు, తగ్గుతోంది. పైగా ఇండికేటర్ వెలుగుతోంది. మీరు ఆగుతున్నారో, తిరుగుతున్నారో నాకేం తెలుస్తుంది?" అన్నాడు.

టోల్ దాటాక కారు పక్కకు తీసి, మా ఆవిడను బ్రేక్ తొక్కమని చెప్పి వెనక్కి వెళ్లి చూశాను. అతను చెప్పింది అక్షరాలా నిజం. ఎడమ లైటు ఎర్రగా భగ్గుమంటుంటే, కుడి వైపు అప్పటిదాకా ఉన్న ఎరుపు కూడా వాడిపోయి, దాని పక్కన ఇండికేటరు బల్బు లోపలి తీగ మాత్రం నారింజ రంగులో సన్నగా కనిపిస్తోంది. పెడల్ వదలగానే ఎరుపు మళ్లీ తేరుకుంటోంది. మా వేరియంట్‌కు వెనక అద్దం దగ్గర మూడో బ్రేక్ లైటు లేదు. అంటే వానలో, గంటకు 80 కిలోమీటర్ల వేగంలో, సెకనుకు 22 మీటర్ల చొప్పున వెనక వస్తున్న బండికి నేను బ్రేక్ వేసినట్టు చెప్పేది ఆ ఎడమ లైటు ఒక్కటే. అది తలచుకుంటే నాకు ఇప్పటికీ గుండె జారుతుంది.

మరుసటి రోజు ఆటో ఎలక్ట్రీషియన్ కారణం వివరించాడు. ఈ కారులో పార్కింగ్ లైటు, బ్రేక్ లైటు ఒకే బల్బులో ఉంటాయి. 5 వాట్ల ఫిలమెంటు (వెలిగే తీగ) ఒకటి, 21 వాట్ల ఫిలమెంటు ఒకటి. మొదటిది ఇచ్చే వెలుగు సుమారు 35 ల్యూమెన్లు అయితే రెండోది ఇచ్చేది 440. ఈ రెండింటికీ, అదే లైటు డబ్బాలో ఉన్న ఇండికేటరుకూ కలిపి బాడీకి వెళ్లే నల్ల ఎర్త్ వైరు ఒక్కటే. ఆ వైరు పట్టు తప్పితే కరెంటు ఇంకో దారి వెతుక్కుంటుంది. ఒక ఫిలమెంటులోంచి వచ్చి రెండో ఫిలమెంటు గుండా, ఇండికేటరు గుండా వెనక్కి పోతుంది. పార్కింగ్ లైటు ఒక్కటే వేస్తే పెద్దగా తేడా తెలియదు. పగలు బ్రేక్ ఒక్కటే తొక్కితే మందంగానైనా వెలుగుతుంది. రెండూ కలిసినప్పుడే, అంటే రాత్రి పూట, అసలు అవసరమైన వేళ, రెండు ఫిలమెంట్లలోకీ కరెంటు వస్తుండడంతో ఒకదాని గుండా ఇంకొకటి వెనక్కి పోయే దారి మూసుకుపోయి లైటు చతికిలబడుతుంది.

డిక్కీ లోపలి అట్టను తొలగించి అతను ఆ స్క్రూను విప్పి చూపించాడు. వైరు చివరి రింగు మీద ఆకుపచ్చని చిలుము పొడిలా రాలుతోంది. దాని కింద బాడీ రేకు తుప్పు పట్టి గోధుమరంగులోకి తిరిగింది. లైటు డబ్బా చుట్టూ ఉండే రబ్బరు ఎండి బీటలు వారడంతో వాన నీరు ఏళ్ల తరబడి అక్కడికే చేరుతోందట. గరుకు కాగితంతో రేకు మెరిసేదాకా రుద్ది, కొత్త రింగు వేసి బిగించి, పైన గ్రీజు పూశాడు. అరగంట పని. అంతకుముందు వేరే గ్యారేజీలో ఆ బల్బును రెండుసార్లు మార్పించాను. హోల్డరు కదిపినందుకు నాలుగు రోజులు బాగుండేది, అంతే.

హెచ్చరిక అసలే లేదని పైన అన్నాను కానీ, అది పూర్తిగా న్యాయం కాదు. ఆ వర్షాకాలమంతా కుడి ఇండికేటరు వేస్తే టిక్కు టిక్కుమనే చప్పుడు మామూలు కంటే వేగంగా వచ్చేది. బల్బు పోయినప్పుడు వచ్చే గుర్తు అదే. దిగి చూస్తే ముందు బల్బు, వెనక బల్బు రెండూ వెలుగుతున్నాయి, సరేలే అనుకున్నాను. పదిహేనేళ్లు నిండాక రిజిస్ట్రేషన్‌ను మరో ఐదేళ్లకు పొడిగించినప్పుడు లైట్లన్నీ చూశారు, అన్నీ వెలిగాయి. అది మండు వేసవి, రింగు ఎండిపోయి ఉంది.

ముందు లైట్ల గురించి నేను ఇన్నాళ్లూ మిత్రులతో గొప్పగానే చెబుతూ వచ్చాను. ఆ మాట మొదటి ఎనిమిదేళ్లకు వర్తిస్తుంది. ఆ తరువాత ఎండకు ఆ లైట్ల మీది ప్లాస్టిక్ కవరు పసుపుబారింది. పాలిష్ చేయిస్తే ఏడాదిలోపే మళ్లీ మసకబారింది. 60/55 వాట్ల బల్బుల స్థానంలో 100/90 వేయించుకోమని చాలామంది సలహా ఇచ్చారు. హోల్డరు కరిగిపోతుందన్న భయంతోనూ, ఎదుటివారి కళ్లు చెదురుతాయన్న ఆలోచనతోనూ వాటిని వద్దనుకొని, రిలేతో (బ్యాటరీ నుంచి బల్బుకు నేరుగా కరెంటు అందించే స్విచ్చుతో) వేరే వైరింగ్ వేయించాను. వెలుగు కొంత మెరుగుపడింది.

ఇప్పుడు నెలకొకసారి మా అపార్ట్‌మెంట్ సెల్లారులో కారు వెనక భాగం గోడ వైపు ఉండేలా నిలిపి, పార్కింగ్ లైట్లు వేసి ఉంచే బ్రేక్ తొక్కి, గోడ మీద రెండు ఎర్రని మచ్చలూ ఒకేలా పెరుగుతున్నాయో లేదో అద్దంలో చూసుకుంటాను. నా తిరుగుడు ఎక్కువగా పగటి పూట, ఊళ్లోనే. నెలకు ఒక్కసారి కోదాడ ప్రయాణం. ఆ మేరకు ఈ కారు నాకు ఇంకా సరిపోతోంది. రోజూ రాత్రి హైవే మీద తిరిగేవారైతే ఈ వయసు కారును తీసుకొమ్మని నేను చెప్పలేను; తీసుకున్నా, డిక్కీ అట్ట తీసి ఆ నల్ల వైరు స్క్రూను చూడనిదే బయానా ఇవ్వవద్దు. నా కారు లైటు చుట్టూ వేసే రబ్బరు ఎక్కడా దొరకక సిలికాన్ పూయించాను. మొన్నటి వానలకు డిక్కీలో చేయి పెట్టి చూస్తే ఎడమ వైపు పొడిగా ఉంది, కుడి వైపు ఇంకా కాస్త చెమ్మ తగులుతోంది.